చర్చల బల్ల దగ్గర పిల్లల కుర్చీ

2009లో అమెరికాలో మాంద్యం ముదిరి ప్రభుత్వాల దగ్గర డబ్బుకు కటకట వచ్చినప్పుడు, లాస్ ఏంజెలెస్ నగర బడుల యంత్రాంగం వేల మంది సిబ్బందికి ఉద్యోగం పోతుందని నోటీసులు పంపింది. ఎవర్ని తీసేయాలి, ఎవర్ని ఉంచాలి అనే ప్రశ్నకు అక్కడి రాష్ట్ర చట్టంలోనే జవాబు ఉంది. చివర చేరినవాళ్లు ముందు వెళ్లాలి. చూడ్డానికి చాలా న్యాయంగా కనిపించే నియమం. కానీ అదే నగరంలో మార్కమ్, గాంపర్స్, లీచ్టీ అని మూడు మిడిల్ స్కూళ్లున్నాయి. పేద కుటుంబాల పిల్లలు చదివే బడులు. పని కష్టం, గొడవలు ఎక్కువ, కాబట్టి కాస్త సర్వీసు రాగానే టీచర్లు బదిలీ పెట్టుకుని వేరే చోటికి వెళ్లిపోతారు, వాళ్ల స్థానంలో కొత్తవాళ్లు వస్తారు. అంటే ఆ మూడు బడుల్లో దాదాపు అందరూ కొత్తవాళ్లే. నియమం అమలయ్యేసరికి అక్కడ దాదాపు సగం మంది, ఒకచోట అంతకంటే చాలా ఎక్కువ మంది టీచర్లు నోటీసు అందుకున్నారు. నగరంలో మరికొన్ని బడుల్లో ఆ దెబ్బ పెద్దగా తెలియనే లేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు. సైన్స్ క్లాసులోకి ఈ వారం ఒక తాత్కాలిక టీచరు వస్తారు, వచ్చే వారం ఇంకొకరు. ఎక్కడిదాకా చెప్పారో ఆయనకు తెలియదు, మొదటి పాఠం మళ్లీ మొదలవుతుంది. పరీక్ష పెట్టేవాళ్లు ఉండరు కాబట్టి మార్కులు ఏ లెక్కన వేయాలో తెలియదు. పదమూడేళ్ల పిల్లాడు తనకు అర్థం కానిదాన్ని అడుగుదామంటే, అడిగే లోపలే ఆ మనిషి మారిపోతాడు.

నేను ఈ కథతో మొదలుపెట్టింది టీచర్ల యూనియన్లను తిట్టడానికి కాదు. ఇందులో విలన్ ఎవరో వెతికితే దొరకరు, ఈ విషయంలో నన్ను బాగా పట్టి కుదిపేది కూడా అదే. ఆ నియమం రాసినవాళ్లు పేద పిల్లల మీద కోపంతో రాయలేదు. ఆ నియమం పట్టుకుని వాదించిన యూనియన్ తన సభ్యుల్ని కాపాడుకుంది, అది దాని పని. డబ్బు లేని యంత్రాంగం చట్టం చెప్పినట్టు చేసింది. అందరూ తమ తమ పని సరిగ్గానే చేశారు, భారం మాత్రం వెళ్లి ఆ మూడు బడుల పిల్లల నెత్తిన పడింది. ఎందుకంటే టీచర్ల జీతాలు, పని షరతుల మీద ఒప్పందం రాసుకునే బల్లకు రెండు వైపులే కుర్చీలుంటాయి. ఒకవైపు సంఘం, ఇంకోవైపు సర్కారు. పిల్లల కోసం ఎవరు కూర్చున్నారు అంటే రెండు వైపులవాళ్లూ "మేమే" అంటారు.

అందుకని "యూనియన్ మంచిదా, చెడ్డదా" అనే వాదనలోకి దిగడం నాకు దండగ అనిపిస్తుంది. ఒప్పందంలో ఉన్న నిబంధనల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని, దీని ఖర్చు ఎవరు కడుతున్నారు, ఏ బడిలో, ఏ తరగతిలో కడుతున్నారు అని అడిగితే విషయం చాలా తేటపడుతుంది. కొన్నింట్లో టీచరు బాగు, పిల్లాడి బాగు ఒకటే. కొన్నింట్లో నేరుగా ఢీకొంటాయి. చాలావాటిలో నిబంధన మంచిదే కానీ అమలు చేసిన తీరు పిల్లల్ని దెబ్బ తీసింది.

ముందు ఆ సీనియారిటీ, అంటే సర్వీసును బట్టే ఉద్యోగ భద్రత, జీతం అనే పద్ధతి, ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి, లేకపోతే అది ఊరికే మొండితనంలా కనిపిస్తుంది. షికాగోలో 1897లో టీచర్లు ఒక ఫెడరేషన్ పెట్టుకున్నారు. ప్రాథమిక బడుల టీచర్లంటే అప్పుడు దాదాపు అందరూ ఆడవాళ్లే, వాళ్లకు ఓటు హక్కు కూడా లేదు. ఇస్తామన్న జీతం పెంపును బడుల్ని నడిపే బోర్డు డబ్బు లేదని ఆపేస్తే, మార్గరెట్ హేలీ, కేథరిన్ గాగిన్ అనే ఇద్దరు టీచర్లు ముందుండి డబ్బు ఎందుకు లేదో తవ్వడం మొదలుపెట్టారు. ట్రాములు, గ్యాస్, కరెంటు, టెలిఫోన్ నడిపే పెద్ద కంపెనీలు కట్టాల్సిన పన్ను కట్టడం లేదని బయటపడింది. కోర్టుకు వెళ్లి, రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా పోరాడి గెలిచారు. తీరా పన్ను డబ్బు వచ్చాక బోర్డు దాన్ని వేరే ఖర్చులకు మళ్లిస్తే దాని మీద మళ్లీ ఇంకో కేసు వేయాల్సి వచ్చింది. ఆ పన్ను డబ్బు బడికి రావాల్సిన డబ్బు. పిల్లల తరఫున దాన్ని అడగడానికి అప్పట్లో ఆ టీచర్లు తప్ప ఎవరూ ముందుకు రాలేదు.

అదే కాలంలో పెళ్లి చేసుకుంటే ఆడ టీచరు ఉద్యోగం తీసేసే పద్ధతి చాలా దేశాల్లో ఉండేది. ఇంగ్లండ్‌లో అది 1944 విద్యా చట్టంతో గానీ పోలేదు. రాజకీయ నాయకుడికి నచ్చకపోతే తీసేయడం, ఎన్నికలయ్యాక తమవాళ్లను పెట్టుకోవడం కూడా మామూలే. అందుకే 1909లో న్యూజెర్సీ రాష్ట్రం టీచర్లకు ఉద్యోగ భద్రత చట్టం తెచ్చింది. హైస్కూలు చెప్పే మగవాళ్లకు ఎక్కువ, చిన్నపిల్లలకు చెప్పే ఆడవాళ్లకు తక్కువ అనే పద్ధతి పోవాలని 1921లో డెన్వర్, డి మోయిన్ నగరాలు చదువు, సర్వీసు ఆధారంగా అందరికీ ఒకే జీతపు స్కేలు పెట్టాయి. ఈ రోజు మనకు జడంగా కనిపించే స్కేలు ఒకప్పుడు పెద్ద సంస్కరణ.

ఆ భయాలన్నీ పాతబడిపోయాయి కదా అనుకుంటే, విస్కాన్సిన్ రాష్ట్రంలో ఏం జరిగిందో చూడండి. 2011లో 'యాక్ట్ 10' అనే చట్టం తెచ్చి యూనియన్ల బేరమాడే హక్కును దాదాపు తీసేశారు, మూల వేతనం గురించి తప్ప మాట్లాడ్డానికి లేకుండా చేశారు, ఆ వేతనం పెంపు కూడా ధరల పెరుగుదలను దాటకూడదన్నారు. కొన్ని చోట్ల స్కేలు తీసేసి ఎవరికి ఎంత ఇవ్వాలో విడివిడిగా తేల్చుకోవడం మొదలుపెట్టారు. ఆర్థికవేత్త బార్బరా బియాసి అధ్యయనంలో రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, బాగా చెప్పే టీచర్లు ఎక్కువ జీతం ఇచ్చే చోటికి చేరారు, అక్కడ పిల్లలకు అది మంచిదే. రెండోది, హెదర్ సార్సన్స్‌తో కలిసి చేసిన పనిలో తేలింది: ఒకే అనుభవం, ఒకే పని ఉన్నా ఆడ టీచర్ల జీతం మగవాళ్ల కంటే తగ్గడం మొదలైంది. జీతం గురించి గట్టిగా బేరమాడటానికి చాలామంది ఆడవాళ్లు వెనకాడారు. స్కేలు పోగానే వందేళ్ల కిందటి తేడా మళ్లీ తలెత్తింది. ఇప్పుడు ఆ స్కేలు పిల్లలకు మంచిదా కాదా అని ఒక్క ముక్కలో చెప్పగలమా? నేను చెప్పలేను.

ఇక టీచర్ల డిమాండు, పిల్లల అవసరం ఒకటే అయిన చోట్లు. అన్నిటికంటే ముందు క్లాసులో పిల్లల సంఖ్య. నలభై మందితో క్లాసు నడిపితే ఏమవుతుందో చెప్పడానికి అధ్యయనం అక్కర్లేదు. నలభై నోట్‌బుక్కులు దిద్దాలంటే ఒక్కోదానికి మూడు నిమిషాలు వేసుకున్నా రెండు గంటలు, అదీ ఒక్క సెక్షన్‌కు. నాలుగు సెక్షన్లుంటే ఎనిమిది గంటలు, అంటే ఇంకో పూర్తి పనిదినం. కాబట్టి నిజంగా ఎవరూ దిద్దరు. టిక్కు పెట్టి సంతకం చేసి ఇచ్చేస్తారు, పిల్లాడు ఎక్కడ తప్పు చేశాడో వాడికెప్పటికీ తెలియదు. ఇందులో టీచరు బద్ధకం ఏమీ లేదు.

అయినా అధ్యయనం ఉంది. టెన్నెసీ రాష్ట్రంలో 1985లో మొదలుపెట్టి 79 బడుల్లో నాలుగేళ్ల పాటు, మొత్తం 11 వేల మందికి పైగా చిన్నపిల్లల్ని లాటరీ పద్ధతిలో చిన్న క్లాసులకు, మామూలు క్లాసులకు పంచారు. 13 నుంచి 17 మంది ఉన్న క్లాసుల పిల్లలు 22 నుంచి 25 మంది ఉన్న క్లాసుల పిల్లల కంటే బాగా చదివారు, పేద పిల్లలకూ నల్లజాతి పిల్లలకూ ఆ లాభం ఇంకా ఎక్కువ. యూనియన్లు ఎప్పటినుంచో అడుగుతున్నదీ అదే.

కానీ దాన్ని తొందరపడి అమలు చేస్తే ఏమవుతుందో 1996లో కాలిఫోర్నియా చూపించింది. చిన్న తరగతుల్లో 20 మందికి మించకూడదని ఒక్కసారిగా రాష్ట్రమంతా డబ్బిచ్చి పెట్టారు. క్లాసులు పెరిగాయి, టీచర్లు చాల్లేదు. బాగా ఉన్న ప్రాంతాల బడులు పేద ప్రాంతాల బడుల నుంచి అనుభవమున్న టీచర్లను లాక్కున్నాయి, ఇక్కడ ఖాళీల్లో శిక్షణ పూర్తి కానివాళ్లను వేశారు. డిమాండు న్యాయమైనదే, పిల్లలకు మంచిదే, మళ్లీ భారం మాత్రం పేద పిల్లల బడి మీదే. ఇలాంటి కథల్లో పదేపదే ఇదే జరుగుతుంది కాబట్టి నేను మొదట చూసేది ఆ బడినే.

షికాగో టీచర్లు 2019లో 11 బడి రోజులు సమ్మె చేసినప్పుడు జీతంతో పాటు ఇంకొకటి పట్టుబట్టారు. ప్రతి బడికీ ఒక నర్సు, ఒక సోషల్ వర్కర్ కావాలన్నారు. ఒప్పందంలో అది వచ్చింది, కొన్నేళ్లలో దశలవారీగా ఇస్తామన్నారు. ఆస్తమా ఉన్న పిల్లాడికి క్లాసులో ఊపిరి అందకపోతే ఇన్‌హేలర్ చేతిలో పట్టుకుని ఏం చేయాలో తెలిసిన మనిషి బడిలో ఉండాలి అనేది జీతం డిమాండు కాదు. దాన్ని కూడా సమ్మె చేసి సాధించుకోవాల్సి రావడం బాధాకరం.

సమ్మె గురించి ఎలాగూ మాట్లాడాలి, తల్లిదండ్రులకు అసలు కోపం వచ్చేది అక్కడే. సమ్మె అంటే పిల్లల చదువును తాకట్టు పెట్టడం అని ఒకరంటారు, అన్ని దారులూ మూసుకుపోతే మేమేం చేయాలి అని ఇంకొకరు. అర్జెంటీనాలో 1983 నుంచి దశాబ్దాల పాటు కొన్ని రాష్ట్రాల్లో సమ్మెలు పదేపదే జరిగాయి. డేవిడ్ హౌమే, అలెగ్జాండర్ విలేన్ అనే ఇద్దరు, ప్రాథమిక బడి వయసులో ఆ సమ్మెల మధ్య చదివినవాళ్లు పెద్దయ్యాక ఎంత సంపాదిస్తున్నారో లెక్క తీశారు. సగటున ఎదుర్కొన్న సమ్మెల వల్ల మగవాళ్ల సంపాదన 3.2 శాతం, ఆడవాళ్లది 1.9 శాతం తగ్గిందని 2019లో ప్రచురించారు. చిన్నప్పుడు పోయిన పాఠం మళ్లీ ఎవరూ చెప్పలేదన్నమాట.

మరోవైపు అమెరికాలో 2007 నుంచి 2023 దాకా జరిగిన 772 సమ్మెలను మెలిస్సా ఆర్నల్డ్ లయన్, మాథ్యూ క్రాఫ్ట్, మాథ్యూ స్టీన్‌బర్గ్ పరిశీలిస్తే బొమ్మ వేరుగా కనిపించింది. మూడింట రెండు వంతుల సమ్మెలు ఐదు రోజుల్లోపే ముగిశాయి. ఐదేళ్లు తిరిగేసరికి టీచర్ల జీతభత్యాలు సుమారు 8 శాతం పెరిగాయి, ఒక్కో టీచరుకు పిల్లల సంఖ్య కొంచెం తగ్గింది, పిల్లల మార్కులు మొత్తం మీద పెద్దగా పడిపోలేదు. అయితే పది రోజులు దాటిన సమ్మెల్లో మాత్రం లెక్కల మార్కులు కొంతకాలం తగ్గాయి. రెండు దేశాల ఫలితాలూ ఒకదానికొకటి విరుద్ధం అని చాలామంది వాదిస్తారు, నాకలా అనిపించదు. వారం రోజుల సమ్మె పూడ్చుకోగలిగిన గుంట. ఏటేటా వచ్చే సమ్మెను పిల్లాడు ఒంటరిగా పూడ్చుకోలేడు. పోయిన రోజులు తిరిగి ఎప్పుడు, ఏ తేదీల్లో, ఎవరు చెప్తారో సమ్మె విరమణ పత్రంలోనే రాసుకోవడం చాలా చోట్ల కుదురుతుంది, నా ఉద్దేశంలో రాయకుండా సంతకం చేయకూడదు, రెండు వైపులా.

సమ్మె ఎలా చేయాలో తెలిసినవాళ్లు కూడా ఉన్నారు. 2018 ఫిబ్రవరిలో వెస్ట్ వర్జీనియాలో మొత్తం 55 కౌంటీల (మన జిల్లాల్లాంటివి) టీచర్లూ ఒకేసారి పని ఆపేశారు. అది పేద రాష్ట్రం, చాలామంది పిల్లలకు బడిలో పెట్టే భోజనమే ఆ రోజుకు గట్టి తిండి. సమ్మెకు ముందు టీచర్లు కూర్చుని సంచుల్లో భోజనాలు సర్ది పంపారు, సమ్మె రోజుల్లో చర్చీల దగ్గర, మరికొన్ని చోట్ల తిండి అందేలా చూసుకున్నారు. తొమ్మిది బడి రోజుల తర్వాత 5 శాతం జీతం పెంపుతో తిరిగొచ్చారు. తల్లిదండ్రులు ఎక్కువమంది వాళ్ల వైపే నిలబడ్డారు, ఆ సంచులకు అందులో పాత్ర ఉందని నేను నమ్ముతాను.

జర్మనీ దారి వేరు. అక్కడ చాలామంది టీచర్లు శాశ్వత ప్రభుత్వ అధికారుల వర్గంలోకి వస్తారు. జీవితాంతం ఉద్యోగం, మంచి పెన్షన్, దానికి బదులు సమ్మె హక్కు లేదు. 2018లో రాజ్యాంగ న్యాయస్థానం అది సరైనదే అంది, 2023 డిసెంబరులో యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా దాన్ని తప్పుపట్టలేదు. పిల్లల రోజులు పోవు, నిజమే. కానీ సమ్మె హక్కు తీసేసేవాళ్లు అటువైపు ఉన్న భద్రతను కూడా ఇవ్వాలి. ఒకటి తీసుకుని రెండోది ఇవ్వకపోతే ఆ ఉద్యోగానికి మంచివాళ్లు రావడం మానేస్తారు.

ఇప్పుడు అందరూ తప్పించుకుని తిరిగే విషయానికొద్దాం. పాఠం చెప్పలేని టీచరును ఏం చేయాలి? అలాంటివాళ్లు కొద్దిమందే, కానీ ఆ కొద్దిమంది దగ్గర ఏడాది పోగొట్టుకునే పిల్లలు కొద్దిమంది కాదు. న్యూయార్క్‌లో ఆరోపణలు ఎదుర్కొంటున్న టీచర్లను క్లాసుకు పంపకుండా కొన్ని గదుల్లో కూర్చోబెట్టేవారు. వాటికి 'రబ్బర్ రూమ్స్' అని పేరు పడింది. వందల మంది, కొందరు ఏళ్ల తరబడి, పూర్తి జీతంతో ఏ పనీ లేకుండా విచారణ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. తప్పు చేసినవాళ్లకు అది శిక్ష కాలేదు, తప్పు చేయనివాళ్లకు అది నరకం. 2010 ఏప్రిల్‌లో నగర మేయరు, యూనియన్ కలిసి ఆ గదులు మూసేయడానికి, విచారణలు త్వరగా తేల్చడానికి ఒప్పుకున్నారు. విచారణ లేకుండా తీసేయకూడదనేది న్యాయం. విచారణ ఎప్పటికీ తేలకపోవడం ఎవరికీ న్యాయం కాదు.

2012లో కాలిఫోర్నియాలో తొమ్మిది మంది విద్యార్థుల పేరు మీద 'వెర్‌గారా' కేసు వేశారు. సుమారు ఏడాదిన్నరకే టీచరును పర్మినెంట్ చేయాలో వద్దో తేల్చేయాల్సి రావడం, తీసేసే ప్రక్రియ అంతులేకుండా ఉండటం, చివర చేరినవాళ్లు ముందు వెళ్లడం, ఇవన్నీ పేద పిల్లల సమాన చదువు హక్కుకు అడ్డమని వాదించారు. 2014లో కింది కోర్టు ఒప్పుకుంది. 2016లో అప్పీలు కోర్టు కొట్టేసింది. ఆ చట్టాల వల్ల తప్పనిసరిగా పేద పిల్లలకే బలహీనమైన టీచర్లు వస్తారని రుజువు కాలేదని, ఎవరిని ఎక్కడికి వేయాలో నిర్ణయించేది యంత్రాంగమేనని అంది. తీర్పుతో మనం ఏకీభవించినా లేకపోయినా అందులో ఒక మాట గట్టిగా పట్టుకోవాలి. కష్టమైన బడికి అనుభవమున్న టీచరును పంపకుండా యూనియన్ కాగితం వెనక దాక్కునే అధికారులు కూడా ఈ కథలో ఉన్నారు.

తీసేయడం గురించి నాకు బాగా నచ్చిన ప్రయోగం ఓహాయోలోని టోలీడో నగరంలో 1981లో మొదలైంది, మొదలుపెట్టించింది యూనియనే. అప్పటి యూనియన్ అధ్యక్షుడు డాల్ లారెన్స్. బాగా చెప్పే సీనియర్ టీచర్లను కొన్నేళ్ల పాటు తమ క్లాసుల నుంచి విడుదల చేసి, వాళ్లకు కొత్త టీచర్లను అప్పగిస్తారు. వాళ్లు క్లాసు వెనక బెంచీలో కూర్చుని చూస్తారు, సాయం చేస్తారు, మళ్లీ మళ్లీ వస్తారు, ఏడాది చివర్లో ఈ మనిషి కొనసాగాలా వద్దా అని నివేదిక ఇస్తారు. చాలా ఇబ్బందుల్లో ఉన్న పాత టీచర్లకు కూడా అదే పద్ధతి. ఆ నివేదికల మీద తేల్చే బోర్డులో ఐదుగురు యూనియన్ వాళ్లు, నలుగురు యాజమాన్యం వాళ్లు, నిర్ణయానికి ఆరు ఓట్లు కావాలి. ఈ లెక్క మీద ఒక్క నిమిషం ఆగండి. యూనియన్ ఐదుగురూ ఒక్కటైనా ఆరు కాదు. అవతలివైపు నుంచి కనీసం ఒకర్ని ఒప్పించాలి, నలుగురే ఉన్న యాజమాన్యమైతే కనీసం ఇద్దర్ని ఒప్పించాలి. తోటి టీచరే వచ్చి "అన్నా, నీకు ఈ పని పడటం లేదు" అని చెప్పినప్పుడు దానికుండే బరువు, ఏడాదికొకసారి పది నిమిషాలు తొంగిచూసి వెళ్లే అధికారి మాటకు ఉండదు.

బాగా చెప్పినవాళ్లకు బోనసిస్తే సరిపోదా అనేది తేలిగ్గా వచ్చే ఆలోచన. ఒక్కోచోట ఒక్కోలా తేలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005 నుంచి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో చేసిన ప్రయోగంలో, జీతంలో సగటున సుమారు 3 శాతం బోనసు పిల్లల ప్రగతిని బట్టి ఇస్తే లెక్కల్లోనూ భాషలోనూ పిల్లలు స్పష్టంగా మెరుగుపడ్డారు. టీచర్ల హాజరు మారలేదు, వచ్చిన రోజు చెప్పడం పెరిగింది, అదనపు క్లాసులు తీసుకున్నారు. న్యూయార్క్‌లో 2007 నుంచి యూనియన్ ఒప్పుకున్న బోనసు పథకం మూడేళ్లు నడిచినా పిల్లల్లో మార్పు కనిపించలేదు. టీచర్లకు డబ్బు ఆశ చూపితే చాలు అనేవాళ్లకూ, డబ్బుతో ఏమీ కాదు అనేవాళ్లకూ రెంటికీ ఇక్కడ సగం సగం జవాబే దొరుకుతుంది. న్యూయార్క్‌లోలా బడి అంతటికీ కలిపి ఇచ్చే బోనసులో నా ఒక్కడి కష్టం ఎక్కడ కనిపిస్తుందని టీచరు అనుకుంటే ఆశ్చర్యం లేదు.

సంఘాన్ని పక్కకు తోసి సంస్కరణ తేవాలనుకునేవాళ్లు కెన్యా కథ వినాలి. అక్కడ ఏడాది కాంట్రాక్టు మీద అదనపు టీచర్లను పెడితే పిల్లల చదువు మెరుగవుతుందని ఒక ప్రయోగంలో తేలింది. దాన్ని దేశమంతా విస్తరించాలని ప్రభుత్వం అనుకుంది. టెస్సా బోల్డ్, ఆమె సహచరులు కొన్ని బడుల్లో స్వచ్ఛంద సంస్థతో, కొన్ని బడుల్లో ప్రభుత్వంతో అదే పథకాన్ని నడిపించి చూశారు. సంస్థ నడిపిన చోట పిల్లలు బాగుపడ్డారు. ప్రభుత్వం నడిపిన చోట ఏమీ లేదు. జీతాలు ఆలస్యం, పర్యవేక్షణ బలహీనం. దీనికి తోడు జాతీయ టీచర్ల సంఘం 18 వేల కాంట్రాక్టు ఉద్యోగాల పథకాన్ని ఎదిరించి, వాళ్లను పర్మినెంట్ చేయాలని పట్టుబట్టింది, 2011లో సమ్మె కూడా చేసింది. ఏడాదే ఉండే కాంట్రాక్టు అన్న భయంతో పనిచేస్తారనుకున్న టీచరుకు, రేపోమాపో పర్మినెంట్ అవుతాననే నమ్మకం వచ్చేసింది. సంఘాన్ని తప్పుపట్టాలా? పక్క క్లాసులో అదే పాఠం చెప్పేవాడికి వచ్చేదాంట్లో ఏ మూలకూ రాని జీతానికి పనిచేసే మనిషి తరఫున సంఘం మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు? మొదటి రోజు నుంచే ఆ ప్రశ్నను బల్ల మీద పెట్టుకోకపోవడమే అసలు పొరపాటు.

సంఘం బలంగా ఉంటే చదువు పాడవుతుందన్న మాట కూడా నిలబడదు. ఫిన్లండ్‌లో టీచర్లలో దాదాపు అందరూ ఒకే యూనియన్‌లో ఉన్నారు, మాస్టర్స్ డిగ్రీ లేనిదే బడిలో శాశ్వత టీచరు కాలేరు. మెక్సికోలో కూడా సంఘం బలమైనదే, కానీ అక్కడ ఆ బలం రాజకీయ పార్టీతో కలిసిపోయి, టీచరు పోస్టులు వారసత్వంగా పిల్లలకు వెళ్లడం, అమ్ముడుపోవడం దాకా వచ్చింది. దశాబ్దాలు సంఘాన్ని ఏలిన నాయకురాలిని 2013లో అరెస్టు చేశారు. తేడా ఎక్కడుందంటే, సంఘం దేన్ని కాపాడుతోంది అన్నదాంట్లో ఉంది. ఒకచోట ఆ పనికి కావాల్సిన అర్హతను, ఇంకోచోట ఆ పోస్టును.

ఓట్ల సంగతి కూడా దాచుకోనక్కర్లేదు. బల్లకు అవతల కూర్చునే ప్రభుత్వాన్ని ఎన్నుకునేవాళ్లలో టీచర్లు ఉంటారు, వాళ్లు సంఘటితంగా ఓటేస్తారు. మన రాజ్యాంగం 171వ అధికరణం శాసనమండలిలో దాదాపు పన్నెండో వంతు స్థానాలను టీచర్లు ఎన్నుకునేవిగా ఉంచింది. అందులోనూ సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో చెప్పేవాళ్లకే ఓటు. అంటే అక్షరాలు నేర్పే ప్రాథమిక టీచరుకు అక్కడ ఓటు లేదు, అక్షరాలు నేర్చుకునే పిల్లాడికి ఎక్కడా లేదు. పిల్లల తల్లిదండ్రులు ఏ సంఘంలోనూ ఉండరు, పిల్లాడు పదో తరగతి దాటగానే వాళ్ల ఆసక్తి కాలేజీ మీదికి మళ్లుతుంది. కష్టమంతా ఇక్కడే ఉంది.

ఆ ఖాళీ కుర్చీని నింపడానికి కొన్ని చోట్ల ప్రయత్నాలు జరిగాయి. కొలరాడోలో 2014లో ప్రజలే ఓటేసి, స్కూల్ బోర్డులు టీచర్ల యూనియన్లతో జరిపే చర్చలు తలుపులు తీసి జరగాలని చట్టం చేసుకున్నారు. తల్లులూ తండ్రులూ వెనక కుర్చీల్లో కూర్చుని వింటే ఇరువైపులా మాట తీరు మారుతుంది. దానికి నష్టం కూడా ఉంది, అందరి ముందూ పట్టు సడలించడం కష్టం. అయినా ఏ నిబంధన వల్ల ఏ బడికి ఏమవుతుందో సంతకానికి ముందే లెక్కగట్టి బయట పెట్టడం మాత్రం తప్పకుండా చేయొచ్చు. చివర చేరినవాళ్లు ముందు వెళ్లే నియమాన్ని అమలు చేసేముందు ఎవరైనా బడుల జాబితా మీద ఒక్కసారి వేలు పెట్టి చూసుంటే, ఆ మూడు పేర్లు ఆ సాయంత్రమే కనిపించేవి.

ఆ మూడు బడుల సంగతికే మళ్లీ వస్తాను. 2010లో విద్యార్థుల తరఫున కేసు పడింది, కోర్టు అక్కడి తొలగింపులు ఆపింది. తర్వాత యంత్రాంగమూ పిల్లల తరఫు లాయర్లూ రాజీ చేసుకుని, 45 బడుల దాకా ఈ తొలగింపుల నుంచి కాపాడేలా ఒప్పందం రాసుకున్నారు. అందులో యూనియన్ ఒప్పుకోలు లేదు. యూనియన్ అప్పీలుకు వెళ్లింది, మా హక్కుల్ని మమ్మల్ని వినకుండా ఎలా తీసేస్తారని అడిగింది, 2012లో ఆ రాజీ కొట్టేశారు. రెండేళ్ల శ్రమ నీళ్లపాలయింది, మళ్లీ మొదటికొచ్చింది. 2014లో మూడు పక్షాలూ కూర్చున్నాయి. ఈసారి 37 బడులకు మూడేళ్ల పాటు అదనపు సాయం రాసుకున్నారు. అదనంగా వైస్ ప్రిన్సిపాళ్లు, కౌన్సెలర్లు, కొత్త టీచర్లకు తోడుండే మెంటర్లు, శిక్షణ. సీనియారిటీ చట్టం అక్షరం మారలేదు. టీచర్లు ఆ బడుల నుంచి ఎందుకు వెళ్లిపోతున్నారో ఆ కారణాల మీద డబ్బు పెట్టారు. ఆ ఒప్పందం కుదిరేనాటికి, 2009లో ఏడో తరగతిలో ఉన్న పిల్లలు హైస్కూలు చివరికి వచ్చేశారు.